ముందు సీటావిడ

జూన్ 11, మధ్యాహ్నం

పూజ్యులైన వదినగారి పాదాలకు, మోకాళ్లు వంగకపోయినా మనసు వంచి మీ మరదలు చేస్తున్న నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమమని రాస్తే అబద్ధమవుతుంది. కాదని రాస్తే మీరు అన్నం మానేసి కూర్చుంటారు. అందుకని సగం క్షేమం అనుకోండి, అదీ ఎడమ సగం. మీ తమ్ముడి కుడి చెయ్యి, కుడి కాలు ఇంకా స్వాధీనంలోకి రాలేదు. పట్టుకుంటే నాలుగడుగులు వేస్తున్నారు. పడిపోయిన మాట మాత్రం పడిపోయినట్టే ఉంది.

ఫోన్లో చెబుదామంటే మీకు వినపడదు. చెవి మిషను పెట్టుకోమంటే అది ఈల వేస్తోందని డబ్బాలో పెట్టి మూతేశారు. ఒకందుకు ఉత్తరమే నయం. ఫోన్లో అయితే నేను మీకు చెప్పే చాడీలన్నీ ఆయన వింటారు. నోరు పోయింది గానీ ఆయనవి పాము చెవులు, వాటికేమీ కాలేదు. మనం అనేదంతా అర్థమవుతుంది. తిరిగి చెప్పబోతే మాట దొరకదు.

ఆసుపత్రిలో మాటలు నేర్పడానికి ఒక పెద్దమనిషి వచ్చేవాడని చెప్పాను కదా. ఆయన బొమ్మల అట్టలు తెచ్చేవాడు. మంచుతో చేసిన మనిషి బొమ్మ ఒకటి, మేం ఎన్నడూ కొని తినని పండు ఒకటి. ఒకరోజు కుందేలు బొమ్మ చూపించి ఇదేమిటి తాతా అని చంటిపిల్లాణ్ణి అడిగినట్టు అడిగాడు. బస్సు నిండా జనాన్ని ముందుకి జరగండి జరగండి అని ఒంటి గొంతుతో నడిపించిన కండక్టరుకి కుందేలేమిటి వదినా? ఈయన ఆ అట్ట లాక్కుని నేలకేసి కొట్టారు. సహకరించడం లేదని పెద్దమనిషి నాతో ఫిర్యాదు చేశాడు. వెళ్లేటప్పుడు, సైగలు చెయ్యనివ్వకండి, చేతులతో పని జరిగిపోతే నోరు బద్ధకిస్తుంది, చెయ్యి లేపితే దించేసి నోటితో అడగమనండి అని చెప్పాడు. అది తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను.

ఇప్పుడు మా అమ్మాయి వేరే ఆవిణ్ణి కుదిర్చింది. ఇంటికే వస్తుంది. నేను టీచరమ్మ అంటున్నాను. మొదటిరోజు ఆయన్ని ఒక్క మాటా చెప్పమనలేదు. ఇల్లంతా చూసింది. ఈయన ఏ కుర్చీలో కూర్చుంటారు, పొద్దున లేవగానే ఏం చేస్తారు, ఎవరొస్తే సంతోషిస్తారు అని నన్ను అడిగింది. ఉద్యోగం నాటి వస్తువులు ఏమైనా ఉన్నాయా అంటే, బీరువా పైనున్న తోలు సంచి, విజిలు దించి ఇచ్చాను.

మర్నాడు వచ్చి ఏం చేసిందనుకున్నారు? భోజనాల బల్ల దగ్గర కుర్చీలన్నీ లాగి, రెండు వరసల్లో ఒకదాని వెనక ఒకటి వేసింది. ఆయన మెడలో సంచి తగిలించింది. వెనక కుర్చీలో తను కూర్చుని, నన్ను పక్కన కూర్చోమంది. నా ఇంట్లో నన్నే ప్యాసింజర్ని చేసింది! కూర్చోక ఏం చేస్తాను. టీచరమ్మ పర్సులోంచి పెద్ద నోటు తీసి, ఒక టికెట్టు అంటూ చాచింది. ఈయన ఆ నోటు చూశారు. మొహం చిట్లించారు. ఇంతలో ఆయన నోట్లోంచి, వదినా, చిల్లర అని ఊడిపడింది!

అంత స్పష్టంగా. చిల్లర.

టీచరమ్మ చప్పట్లు కొట్టింది. నేనూ నవ్వాను. నవ్వానంటే పళ్లు కనిపించేలా పెదాలు తెరిచానన్నమాట. లోపల ఎలా ఉందో మీ దగ్గర దాచను, నిప్పులు పోసినట్టుంది. గరిటెడు గరిటెడు జావ తాగించింది నేను. ఒళ్లు తుడిచింది నేను. పక్క మార్చింది నేను. మొదటి మాటేమో నిన్నగాక మొన్న వచ్చిన ఆవిడకి! సొమ్మొకరిది సోకొకరిది అంటే ఇదే.

పైగా టీచరమ్మ వచ్చే రోజు పొద్దున్నే గడ్డం రుద్దుకుని నా వైపు చూస్తారు, గీసిపెట్టమని. మిగతా రోజుల్లో ముళ్లపందిలా కూర్చుంటారు. ఆ ముళ్లు నా కోసం, నున్నటి చెంపలు టీచరమ్మ కోసం.

నిన్న ఆవిడ నన్ను పక్కకి పిలిచి, ఆయన ఎవరితో ఎక్కువ మాట్లాడేవారమ్మా అని అడిగింది. నాతోనే అన్నాను. ఏం మాట్లాడేవారు అంది. మనసులో లెక్కపెట్టుకున్నాను. ఊ. ఆ. సరే. సబ్బు అయిపోయింది. గొంతు అరిగిపోయింది, రేపు మాట్లాడుకుందాం. ఇవే కదా వదినా! పేరు పెట్టి పిలిచింది కూడా లేదు. ఇదిగో, ఎక్కడున్నావ్, అంతే. ఏ గదిలో ఉన్నా ఆ ఇదిగో వినిపిస్తే కొంగుకి చేతులు తుడుచుకుంటూ వెళ్లేదాన్ని. వీధిలో పదిమంది మొగుళ్లు ఇదిగో అన్నా, నాది నాకు తెలిసేది. ఇప్పుడు అదీ లేదు. చిల్లర టీచరమ్మే ఉంచుకోనీండి. నాకు ఆ ఒక్క ఇదిగో తిరిగి వస్తే చాలు.

ఇంకో సంగతి మరిచాను. ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఆయన ఎడమ చెయ్యి మాటిమాటికీ మెడ వెనక్కి పోతోంది. అక్కడ గుప్పిట పెట్టి ఒకసారి మెలితిప్పి దించేస్తారు. నరం పట్టేసిందేమోనని నొప్పుల మందు రాస్తున్నాను. రాస్తుంటే తల అటూ ఇటూ తిప్పి విసుక్కుంటారు, మంట కాబోలు. సీసా సగానికొచ్చింది. మావయ్యగారికి ఇలాంటి మెడనొప్పి ఉండేదేమో గుర్తు చేసుకుని రాయండి.

మీ ఆశీర్వాదం కోరే,
చిల్లర కన్నా చులకనైపోయిన మీ మరదలు


జూలై 6, సాయంత్రం

నన్ను తిట్టే హక్కు పూర్తిగా ఉన్న వదినగారికి, ఆ హక్కు కాస్త పొదుపుగా వాడమని వేడుకుంటూ నమస్కారాలు.

మీ జవాబు అందింది. మావయ్యగారికి మెడనొప్పి లేదని, ఆయనకున్నదల్లా కోపమేనని రాశారు. నవ్వొచ్చింది. కూతురి వయసు పిల్ల మీద కుళ్లుకుంటున్నావా, సిగ్గు లేదూ అని కూడా రాశారు. దానికి ఒళ్లు మండింది. అయినా ఇప్పుడు మీకు శుభవార్త. టీచరమ్మ మీద నా కుళ్లు పోయింది. అంతకన్నా పెద్దది దొరికింది.

వివరంగా రాస్తాను, మీ కళ్లజోడు తుడుచుకోండి.

ఈయన బస్సు నడిపిన డ్రైవరు, నేను తమ్ముడూ అని పిలిచేవాడు, గుర్తున్నాడా, బానపొట్ట, దెబ్బలాడుతున్నట్టు మాట్లాడతాడు? ఈమధ్య ఒకరోజు సెలవు దొరికిందని చూడటానికి వచ్చాడు. అదే వేళకి టీచరమ్మ కూడా ఉంది. ఆయన్ని ముందు కుర్చీలో కూర్చోబెట్టి, బస్సు తీయమంది. డ్రైవరు తమ్ముడు లేని స్టీరింగు తిప్పుతూ నోటితో గేర్లు వేశాడు. స్టాపు తర్వాత స్టాపు అతను సగం పలికితే ఈయన మిగతా సగం పలకాలన్నమాట. పాత వం అని అతనంటే, తెన అన్నారు ఈయన. కోర్టు, ఆసుపత్రి, పెద్ద గడియారం, అన్నీ తోకలు తోకలుగా వచ్చాయి. నేను గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకుంటున్నాను. అప్పుడు ఆ మహానుభావుడు వెనక్కి తిరిగి, అక్కా, ముందు సీటావిడకి కబురు చేశారా అన్నాడు.

ముందు సీటావిడ ఎవరు అన్నాను. నాలుక కరుచుకున్నాడు. ఈయన కిటికీ వైపు చూశారు. నేను వదులుతానా?

రెడీమేడ్ చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో గుండీ కాజాలు కుట్టే ఆవిడట. పొద్దున మొదటి బస్సు ఎక్కి, కండక్టరు నిలబడే చోటికి ఎదురుగా, ముందు సీట్లో కూర్చునేదట. పుట్టుకతోనే వినపడదు. చేతులతో మాట్లాడుతుంది. మొదట్లో స్టాపు పేరు అరిస్తే వినపడక దిగాల్సిన చోటు దాటిపోయి, ఎండలో వెనక్కి నడిచేదట. ఈయన ఆవిడ స్టాపు వచ్చినప్పుడు ముందున్న కడ్డీ మీద తట్టడం మొదలుపెట్టారు. తర్వాత స్టాపు పేరు చేత్తో ఎలా చెప్పాలో ఆవిడే నేర్పింది. స్టాపులయ్యాక వాన, ఎండ, జ్వరం, జీతం, ఇరుగు, పొరుగు. ఏళ్ల తరబడి అలాగే సాగిందట. నోటితో బస్సంతా నడిపేవాడు, చేతుల్తో ఆవిడతో కబుర్లు చెప్పేవాడు అక్కా, మేమంతా అలవాటు పడిపోయాం అన్నాడు డ్రైవరు తమ్ముడు. తప్పు లేదక్కా, మంచావిడ అని కూడా అన్నాడు. తప్పు లేదని ఎవరూ అడక్కుండానే చెబితే మనం ఏమనుకోవాలి?

టీచరమ్మ మొహం మాత్రం దీపం పెట్టినట్టయింది. ఈయన ఎదురుగా కూర్చుని తన చేతులతో ఏదో చేసింది. ఈయన ఎడమ చెయ్యి ఒళ్లోంచి లేచి, గాలిలో ఏదో గీసి, మధ్యలో దారి తప్పి దిగిపోయింది. అలవాటు కొద్దీ నేను ముందుకొచ్చి ఆ చెయ్యి దించబోయాను. టీచరమ్మ నా మణికట్టు పట్టుకుంది. వద్దమ్మా, అది వణుకు కాదు, మాట అంది. చెయ్యి నోటికి శత్రువు కాదట. నోటిమాట పోయినట్టే చేతిమాట కూడా కొంత చెరిగిపోయింది గానీ మిగిలింది ఉందట. ఆ మిగిలినదాన్ని పట్టుకుంటే నోటిమాట కూడా వెనకే రావచ్చంది. తనకి ఆ భాష నాలుగు ముక్కలే వచ్చు, ఆవిడ రావాలి అంది. ఎవరితో మాట్లాడుతూ బతికారో వాళ్లని దూరం పెట్టి, తన సంచిలోని మాటలు ఆయన నోట్లో పెడితే ఎలా నిలుస్తాయి అంది.

నేను లేచాను. జుట్టు విప్పి, మెలితిప్పి, ముడి బిగించాను. నా ముడి సంగతి మీకు కొత్త కాదు. కాపురానికొచ్చిన కొత్తలో మీరే అనేవారు, ఇది ముడి బిగించిందంటే గోడ మీద కాకి కూడా ఎగిరిపోతుందని. నా ఇంట్లోకి ఆవిడ అడుగు పెట్టడానికి వీల్లేదు అన్నాను. డ్రైవరు తమ్ముడు చెప్పులు వెతుక్కున్నాడు.

వదినా, మీరే చెప్పండి. ఇంటికొస్తే గొంతు అరిగిపోయింది అనేవారు. సరే, గొంతు అరిగింది. చేతులు అరగలేదు కదా! ఆ చేతులు నాకెందుకు చూపించలేదు? నేను వంటింట్లో గోడలతో మాట్లాడుకుంటూ ఉంటే ఆ మనిషికి ఇంకో భాషే ఉందట, అందులో ఇంకో ఆడమనిషి ఉందట, నాకు తప్ప బస్సు మొత్తానికి తెలుసట. మా పెళ్లిలో మీరు నాతో అన్న మాట గుర్తుంది, మావాడు మితభాషి, సర్దుకుపో అని. మితభాషి! ఒకటి చాలక రెండు భాషలు ఉన్నాయి ఆయనకి.

ఇది జరిగి వారం దాటింది. ఆ రోజు నుంచీ ఆయన గోడ వైపు తిరిగి పడుకుంటున్నారు. కుర్చీల బస్సు ఎక్కమంటే ఎక్కరు. చిల్లర కూడా పోయింది. గిన్నె ముందు పెడితే చల్లారేదాకా చూస్తారు. మెడనొప్పి మాత్రం ఎక్కువైంది, చెయ్యి అక్కడికే పోతోంది, నేను మందు రాయడమూ మానలేదు. కోపం కోపమే, నొప్పి నొప్పే కదా.

టీచరమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు. కాకపోతే వెళ్తూ వెళ్తూ, మాట పోయినవాళ్లకి మాట్లాడే తోడు లేకపోతే లోపలికి వెళ్లి తలుపేసుకుంటారమ్మా, ఈ మొదటి నెలలు చాలా ముఖ్యం, ఆలోచించండి అంది. నాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆవిణ్ణి పిలిస్తే నా కొంప నేనే ముంచుకున్నట్టు, పిలవకపోతే ఆయన్ని ముంచినట్టు. ఏం చెయ్యమంటారో వెంటనే రాయండి. నా పక్షాన రాస్తే ఇంకా సంతోషం.

ఇట్లు,
టికెట్టు కొని కూడా నిలబడే ప్రయాణిస్తున్న మీ మరదలు


ఆగస్టు 2, సాయంత్రం

ఉత్తరమంతా ఖాళీ వదిలి ఒక్క వాక్యంతో మనిషిని కోసెయ్యగల వదినగారికి, కోసిన చోట ఊదుకుంటూ నమస్కారాలు.

నీకు వాడు మాట్లాడటం కావాలా, నీతో తప్ప ఎవరితోనూ మాట్లాడకపోవడం కావాలా అని అడిగారు. రెండూ కావాలి అని రాద్దామని కలం తీశాను. అటు చూస్తే ఆయన గోడకేసి తిరిగి ఉన్నారు. వీపు బాగా చిక్కిపోయింది. కలం పక్కన పెట్టి డ్రైవరు తమ్ముడికి కబురు చేశాను.

ఇవాళ మధ్యాహ్నం ఆవిడ వచ్చింది. టీచరమ్మకి ఏదో బడిలో పిల్లల పని ఉండి రాలేదు. డ్రైవరు తమ్ముడు గుమ్మం దాకా తెచ్చి దింపి, డ్యూటీ అంటూ పరిగెత్తాడు. నా ముడికి జడిసే అయ్యుంటుంది.

నేను ఎలా ఊహించుకున్నానో అడక్కండి. ఎలా ఉంది అంటే, నా వయసే. సన్నగా ఉంది. చీర మీద అక్కడక్కడ దారప్పోగులు అంటుకుని ఉన్నాయి. చేతిలో గొడుగు. ఒక్క విషయంలో మాత్రం దేవుడు నాకు అన్యాయం చేశాడు. తల వెనక కొప్పు, ఇంత, కొబ్బరికాయంత. ఒక్క తెల్ల వెంట్రుక లేదు. నా ముడి ఇప్పుడు నిమ్మకాయంత అయింది, మీకు తెలుసు.

లోపలికొచ్చి నాకు నమస్కారం పెట్టింది. తర్వాత నా అనుమతి లేకుండా నా కుర్చీ జరిపింది! కిటికీ వెలుతురు తన చేతుల మీద పడేలా, ఆయన కంటికి ఎండ తగలకుండా సర్దుకుని కూర్చుంది. నేల మీద పాదంతో మెల్లగా తట్టింది. ఆ అదురుకి ఆయన ఇటు తిరిగారు. నేను ఇన్ని రోజులు భుజం పట్టి లాగినా తిరగని మనిషి.

ఆవిడ చేతులు కదిపింది. ఆయన చూశారు. చాలాసేపు చూశారు. ఎడమ చెయ్యి కొంచెం లేచింది. సగంలో ఆగిపోయింది. నేనైతే ఈపాటికి మంచినీళ్లా, దుప్పటా, కిటికీ మూయనా అని అన్నీ అందించేసి ఉందును. ఆవిడ ఏదీ అందించలేదు. ఆ చెయ్యి వైపే చూస్తూ, బస్సు కోసం నిలబడ్డ మనిషిలా, వస్తుందిలే అన్నట్టు కూర్చుంది. వచ్చింది వదినా. ఆగి ఆగి, తప్పి, మళ్లీ సర్దుకుని వచ్చింది. చేత్తో వంతెనలా చూపిస్తూ నోటితో కూడా వంతెన అన్నారు. ఎవరూ సగం అందించకుండానే, మొత్తం మాట.

నేను వంటింటి గుమ్మంలో టీ కప్పులు పట్టుకుని నిలబడ్డాను. సంతోషపడాలా ఏడవాలా తెలియలేదు. టీ మీద మీగడ కట్టింది.

అంతవరకు భరించాను. ఆ తర్వాత జరిగింది వినండి. ఆవిడ ఏదో అడిగింది. ఆయన చెయ్యి మెడ వెనక్కి వెళ్లింది. గుప్పిట పెట్టి మెలితిప్పి దించారు. నేను మందు సీసా కోసం వెనక్కి తిరగబోతుంటే, ఆవిడ కూడా చెయ్యి వెనక్కి పెట్టి, తన కొప్పు మీదే పెట్టి, అచ్చం అలాగే మెలితిప్పింది. ఇద్దరూ నవ్వారు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన నవ్వు వినడం అదే మొదటిసారి.

అప్పుడు తెలిసింది నాకు ఆ మెడనొప్పి ఏమిటో. ఆ కొప్పు. ఇన్నాళ్లూ నా ముందు కూర్చుని, నేను జావ తాగిస్తుంటే, నేను ఒళ్లు తుడుస్తుంటే, ఆయన తలుచుకుంటున్నది ఆవిడ కొప్పుని! నేనేమో వెర్రిబాగులదానిలా దాని మీద మందు రాశాను. సీసా ఖాళీ అయితే ఇంకోటి తెప్పించి మరీ రాశాను.

కప్పులు బల్ల మీద ఠాప్పున పెట్టాను. ఆవిడకి వినపడదు కదా, ఆ తృప్తి కూడా లేదు. గోడ గడియారం చూపించాను. అర్థమైనట్టు లేచి, మళ్లీ నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. ఆయన ఆవిడ వెళ్లిన గుమ్మం వైపు చూడలేదు, నా వైపు చూశారు. ఏ మొహం పెట్టుకుని చూస్తారో! నేను చూడలేదు.

వదినగారూ, ఇంతకాలం మీ మాట జవదాటలేదు. ఈ ఒక్కసారి మీరు నా మాట వినాలి. ఇంటి పెద్దగా మీరు టీచరమ్మకి నాలుగు ముక్కలు రాయండి, ఆ ముందు సీటావిడ ఇంక రాకూడదని. నేను చెబితే కుళ్లు అంటారు. కుళ్లే. కాదనను. చిల్లర అన్నప్పుడు ఓర్చుకున్నాను, వంతెన అన్నప్పుడు ఓర్చుకున్నాను. నన్ను ఒక్క ఇదిగో అనలేని మనిషి, ఇంకొకరి కొప్పుని రోజంతా తలుచుకుంటుంటే ఓర్చుకోవడం నా వల్ల కాదు.

ఇట్లు,
ఏ స్టాపులోనూ ఎవరూ పిలవని మీ మరదలు

తా.క. కవరుకి జిగురు రాశాను గానీ అంటించలేదు. అదే మంచిదైంది. పైన రాసిందంతా కొట్టేద్దామనుకుని, మీరు నవ్వుకోవడానికి పనికొస్తుందని ఉంచేశాను. ఇది మర్నాడు సాయంత్రం రాస్తున్నాను.

నిన్న పైది రాసి ముగించేసరికి గుమ్మం దగ్గర పాదంతో తట్టిన చప్పుడైంది. ఆవిడే. గొడుగు మరిచిపోయిందట. ఇదే అదను అనుకున్నాను. ఆవిడకి వినపడకపోయినా నా నోటి దురద తీరేలా నాలుగు దులపాలని లేచాను. జుట్టు విప్పాను, మెలితిప్పాను, ముడి బిగించాను.

ఆవిడ అలాగే నిలబడిపోయింది. కళ్లు పెద్దవి చేసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, చప్పుడు లేకుండా, భుజాలు కదిలేలా నవ్వింది. తర్వాత వేలు నా వైపు చూపింది. చెయ్యి మెడ వెనక పెట్టి మెలితిప్పింది. మళ్లీ నన్నే చూపింది. ఆయన వైపు తిరిగి, ఇదేనా అన్నట్టు గడ్డం ఎగరేసింది.

నేను వెనక్కి తిరిగాను. ఆయన నన్నే చూస్తున్నారు. ఎడమ చెయ్యి మెల్లగా లేచి మెడ వెనక్కి వెళ్లింది. గుప్పిట మెలితిరిగింది. తర్వాత ఆ వేలు వణుకుతూ వచ్చి సరిగ్గా నా మీద ఆగింది.

ఇవాళ టీచరమ్మ దారిలో ఆవిణ్ణి కలిసి, కాగితం మీద రాయించి అడిగి, ఇక్కడికొచ్చి మిగతాది విప్పి చెప్పింది. చేతులతో మాట్లాడేవాళ్లలో ఒక పద్ధతి ఉందట. మనిషిని గుర్తుపట్టే విశేషం ఏదైతే ఉంటుందో దాన్నే చేత్తో పేరుగా పెట్టేస్తారట. వాళ్లలో ఒకరు పెడితే ఇంక ఆ పేరు ఖాయం. మీ ఆవిడ ఎలా ఉంటుంది అని ఆవిడ ఎప్పుడో అడిగితే, ఈయన నేను పోట్లాటకి దిగే ముందు ముడి బిగించే తీరు చేసి చూపించారట. ఆవిడ నవ్వి, అదే నా పేరు చేసింది. అప్పటినుంచీ రోజూ మొదటి బస్సులో నా పేరే. నేను నిన్న ఏమన్నాను, దేనికి అలిగాను, ఏం మాట్లాడకుండానే ఎలా గెలిచాను, అన్నీ. నోటితో ఎన్నడూ నా పేరు పలకని మనిషి, చేత్తో పేరు పెట్టే పిలిచేవారట.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నుంచీ ఆయన నన్ను పిలుస్తూనే ఉన్నారు వదినా. పిలిచినప్పుడల్లా వెళ్లాను కూడా, మందు సీసా పట్టుకుని.

మిగిలిన మందు మీ మోకాళ్లకి పనికొస్తుంది, పార్సిలు చేస్తున్నాను. టీచరమ్మకి మీరేమీ రాయకండి. చెవి మిషను ఈల వేసేది చెవికి వదులైనందువల్లేనట, సరిచేయిస్తానంది, తీసుకుని రండి. ముందు సీటావిడ ఇక మీదట ఆదివారాలు వస్తుంది. కుర్చీల బస్సులో ముందు సీటు మాత్రం నాది, ఆవిడకి రెండోది ఇచ్చాను. ఆవిడ వచ్చినప్పుడల్లా కాస్త కాస్త ఆ భాష నేర్చుకుంటాను. నా కుళ్లు పూర్తిగా పోయిందనుకోకండి. ఆయనకి ఆ భాషలో పేరుంది, చెవి మీద పెన్సిలు దోపుకున్నట్టు. బాగానే ఉంది గానీ, పెట్టింది ఆవిడ. అందుకని నేను వేరే పేరు పెట్టాను. ఇందాక వంటింటి గుమ్మంలోంచి ఆ పేరుతో పిలిస్తే, ఆయన చాలాసేపు నవ్వి, చెయ్యి మెడ వెనక పెట్టి బదులిచ్చారు. ఆ పేరేమిటో మీకు కూడా చెప్పను. ముందు సీటావిడకి అసలే చెప్పను.